కుడివైపు సముద్రం

మా బాబాయి 18 ఏళ్ళు లారీ తోలాడు. విశాఖపట్నంలో సరుకెత్తితే కలకత్తాలో దించడం, అక్కడ ఎత్తింది మళ్ళీ ఇక్కడికి తెచ్చి దించడం. అప్పట్లో అది ఐదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు పదహారు అంటున్నారు. శ్రీకాకుళం దాటిన దగ్గర్నుంచి ఇచ్ఛాపురం దాకా ఆ రోడ్డుకి కుడిపక్కన సముద్రం తోడొస్తూనే ఉంటుంది గానీ కంటికి కనబడదు. కనబడేవి ఊళ్ళ పేర్లే. కళింగపట్నం, భావనపాడు, బారువ. అన్నేళ్ళలో ఒక్కసారైనా అటు తిప్పావా బాబాయ్ అని అడిగితే, "లోడుంటాది కదరా" అనేవాడు. అంతకుమించి ఏమీ చెప్పేవాడు కాదు.

2000లో నడుం నొప్పి ముదిరి లారీ దిగిపోయాడు. దాచుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్ జీపు ఒకటి కొన్నాడు, మా ఊరి నుంచి విజయనగరానికి మనుషుల్ని ఎక్కించుకోవచ్చని. కిరాయికి పెట్టే ముందు దాన్ని ఒక్కసారి తనకోసం తోలుకుంటానన్నాడు. 2001 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. నాకప్పుడు 19 ఏళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. నేను, మేనత్త కొడుకు బావ, బాబాయి కొడుకు. తమ్ముడిది పదో తరగతి. పరీక్షలు ముందు పెట్టుకుని ఈ తిరుగుళ్ళేంటని పిన్ని గొడవపడింది. చివరికి లెక్కల పుస్తకం వాడి సంచిలో పెట్టి పంపింది. నాలుగు రోజుల్లో అది ఒక్కసారి బయటికొచ్చింది, స్టవ్వుకి గాలి తగలకుండా అడ్డం పెట్టడానికి.

లారీ వాళ్ళ వంట చూసినవాళ్ళకి బాబాయి సర్దిన సామాను తేలిగ్గా అర్థమవుతుంది. కిరసనాయిలు పంపు స్టవ్వు, సొట్టలు పడ్డ అల్యూమినియం తపేలాలు రెండు, నీళ్ళ క్యాను, ఐదు కిలోల బియ్యం, కందిపప్పు, ఉల్లిపాయలు, చింతపండు ముద్ద, నువ్వుల నూనె సీసా. బోర్నవిటా డబ్బాలో కారం, పసుపు, ధనియాలు, జీలకర్ర, మెంతులు విడివిడిగా కాగితం పొట్లాలు. పడుకోవడానికి లారీ మీద కప్పే టార్పాలిన్. దాని రెండు కొసలు జీపుకీ, రెండు కొసలు చెట్టుకీ కడితే ఇల్లయిపోతుంది. లైనుమీద ఉన్నన్నాళ్ళూ ఏ చెట్టు కిందో బండి ఆపుకుని, క్లీనరు బియ్యం కడుగుతుంటే తను ఉల్లిపాయలు కోసేవాణ్ణని చెప్పాడు. హోటల్లో తింటే నిద్ర ఆగదట. సొంతంగా వండుకున్న ముద్దయితే తెల్లార్లూ బండి నడుస్తుందట.

25వ తేదీ గురువారం మధ్యాహ్నం బయల్దేరి నాతవలస దగ్గర హైవే ఎక్కాం. శ్రీకాకుళంలో టీ తాగి కళింగపట్నం దారి పట్టేసరికి పొద్దు వాలింది. వంశధార సముద్రంలో కలిసే చోటది. మేం వెళ్ళేసరికి ఒడ్డున ఒక్క పడవ కదలడం లేదు. చేపలు పొద్దున్నే వస్తాయని మాకెవరికీ తెలియదు. బాబాయికీ తెలియదు! 18 ఏళ్ళు సముద్రం పక్కనే తిరిగినవాడు, దాని వేళలు తెలియనందుకు కాసేపు చిన్నబోయాడు.

సరే, పప్పుచారు పెట్టుకుందామని నీళ్ళకి దగ్గరగా, తడి ఇసక గట్టిగా ఉన్నచోట స్టవ్వు పెట్టాం. అన్నం వార్చి పక్కన పెట్టాం. పప్పు ఉడుకుతోంది. లైట్‌హౌస్ వెలుగు తిరిగి తిరిగి వస్తోంది, ఆ వెలుగు దాటితే కటిక చీకటి. కబుర్లలో ఉండగా ఒక అల మిగతా వాటికంటే నాలుగు బారలు ఎక్కువే లోపలికొచ్చింది. స్టవ్వు బుస్సుమని ఆరిపోయింది. అన్నం తపేలా పక్కకి ఒరిగి, సగం అన్నం ఇసకలో. తమ్ముడు టార్చి పట్టుకుని తపేలా వెనకాల పరిగెత్తాడు. ఆ అలికిడికి పైన గుడిసెలోంచి ఒక పెద్దాయన దిగొచ్చాడు.

"నిన్న అమాస కద బాబూ. రెండు మూడు దినాలు పోటెక్కువ. పైకి జరగండి."

మాకు అమావాస్య అంటే పంచాంగంలో నల్లటి చుక్క. ఆయనకి అది నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే గుర్తు. ఆ రాత్రి ఆయన ఇంట్లోంచి తెచ్చిచ్చిన అన్నంలో మిగిలిన పప్పుచారు పోసుకుని తిన్నాం. తెల్లారకుండానే వచ్చి తనే లేపి పడవల దగ్గరకి తీసుకెళ్ళాడు. బుట్టెడు మెత్తళ్ళు. చిటికెన వేలంత పొడుగు, వెండి గీతల్లాంటి చేపలు. అప్పటిదాకా మా ఊరికి సైకిల్ మీద వచ్చే ఐసు చేపలే నాకు తెలుసు. వాటికి నీసు వాసన ఉంటుంది, చేపంటేనే ఆ వాసన అనుకునేదాన్ని. ఈ మెత్తళ్ళని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు, గాలికి ఉండే ఉప్పదనం తప్ప. ఉప్పూ కారం పట్టించి, తక్కువ నూనెలో వేయించి, వేడివేడిగా తలా తోకా సహా నమిలేశాం. అన్నం కూడా వండలేదు.

26న టెక్కలిలో టిఫిన్‌కి ఆగాం. సామాను కొనుక్కుని, జీపు టైరు పంక్చరు వేయించుకునేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. టీ కొట్టులో రేడియో చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. గుజరాత్‌లో భూకంపం. కచ్ అని, భుజ్ అని పేర్లు వినబడుతున్నాయి. ఎంతమంది పోయారో రేడియోవాళ్ళకే ఇంకా తెలియడం లేదు. బాబాయి టీ గ్లాసు కింద పెట్టేశాడు. తనతోపాటు లైనుమీద తిరిగిన డ్రైవరు ఒకాయన ఆ మధ్య కాండ్లా పోర్టు లోడ్లకి మారాడు. ఎస్టీడీ బూత్‌లో గంటసేపు నిలబడి ఆయన ఇంటి పక్కవాళ్ళ నంబరు చేశాడు. లైను కలవలేదు.

ఇంక వెనక్కి వెళ్ళిపోదామా అని బావ అడిగాడు. బాబాయి తల అడ్డంగా ఊపి జీపు ఎక్కాడు. నౌపడ మీదుగా వెళుతుంటే రోడ్డు పక్కన ఉప్పు మడులు అద్దాల్లా మెరుస్తున్నాయి. కొట్టులో రెండు కిలోల కళ్ళుప్పు కొన్నాం. దగ్గర్లోనే తేలినీలాపురం. ఊళ్ళోని చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. వాటి కింద నుంచి మనుషులు మామూలుగా నడిచిపోతున్నారు. ఇంకో రోజైతే అక్కడే పొద్దు గడిపేవాళ్ళం. భావనపాడులో రొయ్యలు దొరికాయి, పెద్దవి, ఇంకా మీసాలు కదులుతున్నవి. దోర చింతకాయలు దంచి వేసి ఇగురు వండాం. బాగానే కుదిరిందనుకుంటా. కానీ ఆ రాత్రి ఎవరికీ సరిగా సయించలేదు. బాబాయి ఇసకలో వెల్లకిలా పడుకుని చాలాసేపు మెలకువగానే ఉన్నాడు. మర్నాడు పలాసలో బూత్ నుంచి ఫోను కలిసింది. ఆ డ్రైవరు రెండ్రోజులుగా రాజస్థాన్‌లో ఉన్నాడట, లోడు కోసం ఎదురుచూస్తూ. బాబాయి బూత్ బయటికొచ్చి, మా ముగ్గురికీ తలా ఒక సోడా కొనిచ్చాడు. ఎందుకో చెప్పలేదు. మందసలో కోవా బిళ్ళలు కూడా కొన్నాడు.

అందుకే బారువ నాకు అంత వెలుగ్గా గుర్తుంది కాబోలు. మహేంద్రతనయ అక్కడ సముద్రంలో కలుస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే ఒరిస్సా వైపు మహేంద్రగిరి నీలంగా కనబడుతుంది. ఆ కొండల్లో పుట్టిన ఏరు ఈ ఇసకలోకొచ్చి ఆగుతోందని తమ్ముడికి బాబాయి చేత్తో గీసి చూపించాడు. 18 ఏళ్ళు ఆ కొండని లారీ అద్దంలోంచి చూస్తూ వెళ్ళినవాడు కదా, కొండ సంగతి ఆయనకి బాగా తెలుసు. సరుగుడు తోట అంచున టార్పాలిన్ కట్టాం. ఈసారి అలల గీత చూసుకుని, దానికి చాలా పైన.

ఆ సాయంత్రం పెద్దవల లాగుతున్నారు.

పెద్దవల చూడనివాళ్ళకి చెప్పాలి. వల ఒక కొస తాడు ఒడ్డున ఉంచి, పడవ మీద వల వేసుకుంటూ సముద్రంలోకి వెళ్ళి, అరచందమామలా తిరిగి, రెండో కొస తాడు దూరంగా ఇంకోచోట ఒడ్డుకి తెస్తారు. అప్పుడు రెండు జట్లు రెండు తాళ్ళూ పట్టుకుని లాగుతాయి. ఒక్కో తాటికి ఇరవై మంది. వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. చివరికి చేరినవాడు తాడు వదిలి మళ్ళీ నీళ్ళ దగ్గరకొచ్చి ముందు పట్టుకుంటాడు. లాగేకొద్దీ రెండు జట్లూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. మేం చూస్తూ నిలబడ్డాం. ఒకాయన "సూసేదేటి, ఒక పట్టు పట్టండి" అని కేకేశాడు. ముందుగా వెళ్ళింది బాబాయే. నడుం నొప్పి మనిషి! వద్దని బావ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని వెళ్ళి తాడు అందుకున్నాడు. మేమూ వెళ్ళాం. ఆడపిల్లనని నన్ను ఎవరూ ఆపలేదు. నా వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు లాగుతూనే ఉన్నారు. హైలెస్సా అన్నప్పుడల్లా తాడు రెండడుగులు వస్తుంది, సముద్రం ఒక అడుగు వెనక్కి లాక్కుంటుంది. కొబ్బరి పీచు తాడు, ఉప్పునీళ్ళు. పావుగంటకి అరచేతులు మండిపోయాయి.

రెండు గంటలు పట్టింది. వల సంచి ఇసక మీదకి రాగానే వినబడిన చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. రేకుల కప్పు మీద పెద్ద చినుకులు పడ్డట్టు టపటపా, వేల చేపలు ఒక్కసారి. కవళ్ళు ఎక్కువ. వాటి మధ్య కానాగంతలు, పొడుగాటి సావళ్ళు, ఎర్రటి గులివిందలు, కాళ్ళు ఆడిస్తున్న చిన్న పీతలు. తట్టలతో కాచుకునున్న ఆడవాళ్ళు అక్కడే వేలంపాట పెట్టేశారు. నిమిషాల్లో బేరాలైపోయాయి. బాబాయి జేబులోంచి నోట్లు తీసి కానాగంతలు అడిగితే, ఆ వల జట్టు పెద్ద, ఆయన వంక వింతగా చూశాడు.

"తాడట్టుకున్నోళ్ళకి వాటా ఉంటాది. డబ్బులేటి?"

దోసిళ్ళతో కవళ్ళు, ఎనిమిది కానాగంతలు, తమ్ముడి చేతిలో విడిగా ఒక చందువా. బాబాయి ఆ చేపలు తువ్వాలులో పోయించుకుంటుంటే ఆయన మొహం చూశాను. 18 ఏళ్ళు ఊళ్ళకి ఊళ్ళు సరుకు మోసినవాడు, ఎక్కడా వాటా అనే మాట విని ఉండడు. మోస్తే కూలి, అంతే.

వండటం మొదలుపెట్టాక గుడిసెల వైపు నుంచి ఒక మామ్మ వచ్చింది. మేం చేపలు కడిగే తీరు చూసి ఓర్చుకోలేకపోయింది. నా చేతిలోంచి కానాగంత లాక్కుని, గరుకు రాతి మీద అటొక రుద్దు ఇటొక రుద్దు రుద్ది, మొప్పలు వేలితో లాగి, పొట్ట చీరి, నౌపడ ఉప్పు గుప్పెడు వేసి పామి మూడు నీళ్ళు కడిగింది. మా తపేలా చూసి, "ఇందులో సేపలేటి, సత్తు వాసనొత్తాది" అని ఇంటికెళ్ళి మట్టిదాక తెచ్చింది. మసి పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. స్టవ్వు వద్దంది. మూడు రాళ్ళు పెట్టి, సరుగుడు పుల్లలూ ఎండు కాయలూ వేసి మంట చేసింది.

నేను పక్కనే కూర్చుని చూశాను, అందుకే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను. ఉల్లిపాయలు, వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలు రాతి మీదే నూరింది. నువ్వుల నూనెలో మెంతులు చిటికెడు, అవి రంగు మారీ మారకముందే నూరిన ముద్ద. అది వేగి నూనె అంచుల్లోకి వచ్చేదాకా పక్కకి కదల్లేదు. పసుపు, కారం, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి. చింతపండు పులుసు చిక్కగా పిసికి పోసి, తెర్లనిచ్చింది. పచ్చి వాసన పోయిందో లేదో రుచి చూడలేదు, ఆవిరి వాసన పట్టి చెప్పేసింది. అప్పుడు చేపలు ఒక్కొక్కటీ, నిద్రపోయే పిల్లల్ని పక్క మీద వేసినట్టు, పులుసులోకి జార్చింది.

బాబాయి గరిటె అందుకున్నాడు. మామ్మ ఆయన చెయ్యి మీద ఒక్కటి కొట్టింది.

"గరిటెట్టి కలిపేవంటే సేప ఇరిగిపోద్ది. దాకని తిప్పాల."

తన చీర కొంగుతో దాక అంచులు రెండు పక్కలా పట్టుకుని, పైకెత్తకుండానే గుండ్రంగా ఒక్క ఊపు ఊపింది. పులుసు మొత్తం ఒకటిగా తిరిగింది. ఒక్క ముక్క కూడా చెదరలేదు. మళ్ళీ కాసేపటికి బాబాయి చేత చేయించింది. తువ్వాలు మడతల్లో దాక పట్టుకుని, స్టీరింగు తిప్పే చేతులతో, ఊపిరి బిగబట్టి తిప్పాడు. "అదీ" అంది మామ్మ. ఆ తర్వాత పుల్లలు బయటికి లాగేసి, నిప్పుల మీద వదిలేసింది. ఇప్పుడు తినొద్దంది. పులుసు చేపలోకి దిగాలి, చల్లారాలి.

ఆగలేక కవళ్ళు నిప్పుల మీద కాల్చుకున్నాం. ఉప్పు తప్ప ఏమీ పూయలేదు. పై చర్మం పేలి, నూనె నిప్పుల మీద చుక్కచుక్కగా పడి పొగలొస్తుంటే, వేళ్ళు కాలుతున్నా ముళ్ళు ఏరుకుంటూ తిన్నాం. తమ్ముడి చందువా కూడా అలాగే కాల్చాం, మామ్మ అరిటాకు ముక్కలో చుట్టించి. వాడు అందరికీ తలా ముద్ద పెట్టాడు. మామ్మ మాత్రం తన చోడంబలి (రాగి అంబలి) గిన్నె తెచ్చుకుని అదే తాగింది. కవళ్ళు రెండు నంజుకుంది.

పులుసు రాత్రి తొమ్మిదింటికి తిన్నాం. నేను ఆ రుచిని చెప్పలేను. ఇరవై నాలుగేళ్ళుగా వండుతున్నాను, మంచి చేపే తెస్తాను, అదే కొలత వేస్తాను. దాదాపు వస్తుంది. దాదాపు అనే మాట దగ్గరే ఆగిపోతుంది. పొద్దున లేచేసరికి మా టార్పాలిన్‌కి పది గజాల దూరంలో ఇసక మీద ట్రాక్టరు టైరు జాడలాంటిది నీళ్ళ నుంచి వచ్చి, తిరిగి నీళ్ళలోకే పోయి ఉంది. రాత్రి తాబేలు గుడ్లు పెట్టి వెళ్ళిందని మామ్మ చెప్పింది. మాకు తెలియనే లేదు.

ఆ సరుగుడు తోట ఇప్పుడు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నెల తర్వాత, బారువ చుట్టుపక్కల ఉద్దానం వెళ్ళాను. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా, అన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి. జీడితోటలు వేళ్ళతో సహా పెకిలి ఉన్నాయి. కొబ్బరి చెట్టు చేతికి రావాలంటే ఎన్నేళ్ళు, జీడిచెట్టు కాపుకి ఎన్నేళ్ళు! వాటి పక్కన నిలబడ్డ మనుషుల్ని చూసి నాకు మాట రాలేదు. మామ్మ గుడిసె ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. బాబాయి అప్పటికే మూడేళ్ళ ముందు పోయాడు. ఆయన అది చూడలేదు, అంతవరకు నయం.

28 ఆదివారం పొద్దున బయల్దేరాం. మిగిలిన పులుసు తపేలాలోకి ఒంపబోతే మామ్మ ఒప్పుకోలేదు, దాకతోనే పట్టుకుపొమ్మంది. డబ్బులిస్తే దాక ఖరీదు పది రూపాయలు మాత్రం ఉంచుకుంది. ఆ దాక తర్వాత పిన్ని దగ్గర ఏడెనిమిదేళ్ళు ఉంది, అంచు పగిలాక కూడా పారెయ్యనివ్వలేదు. మూతికి గుడ్డ కట్టి, తమ్ముడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా బాబాయి బండి నడక చేసేవాడు.

పలాస దాటాక రోడ్డు పక్క చింతచెట్టు కింద ఒక లారీ ఆగి ఉంది. క్లీనరు కుర్రాడు పంపు స్టవ్వు కొడుతున్నాడు. బాబాయి జీపు పక్కకి తీసి ఆపేశాడు. ఎక్కణ్ణుంచి, ఎక్కడికి అని మాట కలిపాడు. రాజమండ్రి నుంచి కటక్. అన్నం దిగింది, కూరకే ఇంకా ఏమీ లేదు. బాబాయి వెనక్కొచ్చి తమ్ముడి ఒళ్ళోంచి దాక తీసుకున్నాడు. మధ్యాహ్నానికి మాకని దాచుకున్నదది. మేం ఎవరం ఏమీ అనలేదు.

ఇద్దరి కంచాల్లోనూ తనే వడ్డించాడు. గరిటె పెట్టలేదు, దాకని ఒంచి, చేపని చేత్తో ఆపి జారవిడిచాడు. రాత్రి గడిచిన పులుసు, చిక్కబడి ఎర్రగా మెరుస్తోంది. డ్రైవరు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. క్లీనరు వంక చూశాడు. మళ్ళీ తిన్నాడు. కంచం వేలితో తుడిచేదాకా మాట్లాడలేదు.

"ఎక్కడిదన్నా ఇది?"

"బారువ. ఇక్కణ్ణుంచి గంట. కుడిపక్క తిరగాలి. హైవే నుంచి అరగంట కూడా పట్టదు." బాబాయి ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. పెద్దవల ఏ వేళకి లాగుతారో, తాడు పట్టుకుంటే వాటా ఇస్తారని, మామ్మ గుడిసె ఎక్కడో.

డ్రైవరు చెయ్యి కడుక్కుంటూ అంతా విన్నాడు. తువ్వాలుతో మూతి తుడుచుకుని నవ్వాడు.

"లోడుంది కదన్నా."

బాబాయి ఇంకేమీ చెప్పలేదు. క్లీనరు స్టవ్వు సర్దాడు. లారీ ఇచ్ఛాపురం వైపు కదిలింది. ఖాళీ దాక రెండు చేతుల్లో పట్టుకుని, దాని వెనక ఎర్రలైట్లు మలుపు తిరిగేదాకా బాబాయి రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు.